ముందు పిన్ని ఒప్పుకోవాలి

ఆ ఉత్తరంలో మొదటి వాక్యమే ఆమె ఒళ్లు మండించింది.

"మీరు తయారుచేసిన 'పలుకు' లైబ్రరీకి యజమాని 'ఇక్కడ మీ పేరు రాయండి' గారని లైసెన్స్ కాగితంలో ఉంది. వారితో అత్యవసరంగా మాట్లాడాలి. దయచేసి వారి ఫోన్ నంబరు ఇప్పించగలరా?"

మధ్యాహ్నం భోజనాల వేళ. బీమా ఆఫీసు మూడో అంతస్తులో, కిటికీ పక్క బల్ల దగ్గర, ఒక చేత్తో టిఫిన్ డబ్బా మూత పెడుతూ రెండో చేత్తో ఆమె తన పాత ఫైలు తెరిచి చూసింది. నిజమే. నాలుగేళ్ల కిందట నమూనా లైసెన్స్ ఒకటి ఎక్కడి నుంచో తెచ్చి అతికించింది. సంవత్సరం వేయాల్సిన చోట 'సంవత్సరం' అనీ, పేరు ఉండాల్సిన చోట 'ఇక్కడ మీ పేరు రాయండి' అనీ అలాగే ఉన్నాయి. కొత్త బట్టలకు ధర చీటీ తీయకుండా వేడుకకు వెళ్లినట్టు, ఆ కాగితం నాలుగేళ్లుగా లోకం ముందు తిరుగుతోంది.

తప్పు తనదైనప్పుడు కోపం మరీ తొందరగా వస్తుంది. వారు ప్రస్తుతం ఊళ్లో లేరనీ, వారి తరఫున తనే మాట్లాడతాననీ, ఇంతకీ తమరెవరనీ జవాబు రాసింది.

పది నిమిషాల్లో తిరుగు జవాబు వచ్చింది. అతను పనిచేసే కంపెనీ ఒక చిన్న పెట్టె తయారుచేస్తోంది. డాక్టరు రాసిచ్చిన మందుల చీటీని దాని ముందు పెడితే పైకి చదివి వినిపిస్తుంది. కళ్లు సరిగా కనపడని పెద్దవాళ్ల కోసం. ఆ పెట్టె లోపల బయటివాళ్లు రాసిన లైబ్రరీలు నాలుగు వందల పదహారు ఉన్నాయి. ప్రతిదానికీ సరైన అనుమతి ఉందా లేదా అని చూడటమే అతని ఉద్యోగం. నాలుగు వందల పదిహేనింటికి పచ్చ గుర్తు పెట్టేశాడు. మిగిలింది ఈమెదే.

సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో లైబ్రరీ అంటే పుస్తకాలుండే చోటు కాదు. ఒకరు ఓపిగ్గా చేసిపెట్టిన పనిముట్ల పెట్టె లాంటిది. ఎవరి ప్రోగ్రాములోకైనా తెచ్చుకుని వాడుకోవచ్చు. ఆమె 'పలుకు' చేసేది ఒకటే పని. కంప్యూటరు గొంతు పైకి చదివేటప్పుడు, అంకెలనూ పొడి అక్షరాలనూ మనిషి చదివినట్టు చదివిస్తుంది.

ఎవరైనా వాడుకుంటారనే కదా ఓపెన్ సోర్స్ అని నలుగురికీ కనపడేలా పెట్టాను, మళ్లీ ఈ అనుమతుల గోలేమిటి అని ఆమె రాసింది.

"గేటు తీసి ఉంది కదా అని ఎవరి పెరట్లో పూలైనా కోసుకుపోలేం కదండీ," అని అతను రాశాడు. "కోసుకోండి అని ఆ ఇంటివాళ్లు చెప్పాలి. మీ కాగితంలో కోసుకోండి అని ఉంది. ఎవరన్నారో లేదు. మా లాయరుగారికి నిద్ర పట్టడం లేదు."

ఆమె ఆ ముక్క రెండుసార్లు చదువుకుంది. రెండోసారి చదివేటప్పుడు కోపం ఎక్కడ పెట్టిందో దొరకలేదు. పేరూ సంవత్సరమూ నింపి, ఇక లాయరుగార్ని పడుకోమనండి అని ఒక ముక్క పంపింది.

అక్కడితో తీరిపోయిందనుకుంది. మర్నాడు మళ్లీ ఉత్తరం.

ఈసారి సందేహం, దేన్ని ఎలా చదవాలో చెప్పే రూల్స్ ఫైలు గురించి. అందులో నాలుగు వేల పైచిలుకు రూల్స్ ఉన్నాయి. ఒక్కొక్కటి చేర్చినప్పుడల్లా, ఎందుకు చేర్చిందో ఆమె పక్కన చిన్న మాట రాసిపెట్టుకుంది. రెండు వేల ఏడు వందల చోట్ల ఉన్న మాట ఒకటే. 'పిన్ని చెప్పింది.'

"ఈ పిన్నిగారు ఎవరండీ? ఆవిడ చెప్పిన మాటలే మీరు ఫైల్లో రాసి ఉంటే, ఆవిడ కూడా ఒక యజమాని. మీరొక్కరూ లైసెన్స్ ఇస్తే చెల్లదు. ముందు ఆవిడ ఒప్పుకోవాలి."

ఆమె పైకే నవ్వేసింది. పక్క బల్లావిడ తలెత్తి చూసింది.

*

పిన్ని ఇరవై రెండేళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దింది. యాభై దాటాక రెండేళ్లలో చూపు పోయింది. మొదట అక్షరాలు, తర్వాత మొహాలు, ఆఖరికి కిటికీలో వెలుతురు. ఉద్యోగం ఈ ఊళ్లో దొరికినప్పటి నుంచీ ఆమె పిన్ని దగ్గరే ఉంటోంది. చిన్నప్పుడు ఒక్క క్షణం నోరు మూసేది కాదని పిన్ని ఆమెను పిచ్చుక అని పిలిచేది. ఇప్పటికీ అదే పిలుపు.

పుస్తకాలు చదివి వినిపించే కంప్యూటరు గొంతు ఇంటికి తెచ్చిన మొదటి రోజే పిన్ని దాన్ని ఉతికి ఆరేసింది. ఫోన్ నంబర్లను కోట్లలోకీ లక్షల్లోకీ లాగుతోంది. 'డా.' అని ఉంటే డాక్టరు అనకుండా 'డా' అని ఆగిపోతోంది. కి.మీ. దగ్గర చుక్క పెట్టారు కదా అని వాక్యం అయిపోయినట్టు గొంతు దించేస్తోంది. సాయంకాలం వరండాలో కుర్చీ వేసుకుని పిన్ని వింటూ, తప్పు దొరకగానే ఆపించి, ఎలా చదవాలో చెప్పేది. పిచ్చుక రాసుకునేది. అలా నాలుగేళ్లుగా 'పలుకు' పెరుగుతూ వచ్చింది.

ఒక్క మందుల చీటీ మాత్రం దానికి కొరుకుడు పడలేదు. పొద్దునొకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి అనడానికి డాక్టరు 1-0-1 అని వేస్తే, పలుకు దాన్ని తేదీ అనుకునేది. ఒక్కో డాక్టరుది ఒక్కో పొడి రాత. అవన్నీ నేర్వాలంటే వంద మందుల షాపుల్లో ఏళ్ల తరబడి కూర్చోవాలి.

రెండు నెలల కిందట బీపీ మాత్ర పక్కన 1/2 అని ఉన్నదాన్ని పలుకు 'ఒకటి, రెండు' అని చదివింది. నిజానికది అర మాత్ర. పిన్ని రెండు వేసుకుంది. స్నానాల గదిలో కళ్లు తిరిగి పడితే నుదుటి మీద మూడు కుట్లు పడ్డాయి.

అప్పటి నుంచి ఆమె రోజూ ఒంటిగంటకు ఆఫీసు నుంచి ఫోన్ చేసి, ఏ మాత్ర ఎంత వేసుకోవాలో చెబుతోంది. పిన్ని వేసుకుంటుంది. వేసుకున్నాక ఒకసారి అంది: "పుస్తకాలకు పుస్తకాలు దిద్దినదాన్ని. గోళీ మింగడానికి నీ ఫోను కోసం కూర్చుంటున్నానే."

ఆ మాట ఆమె గుండెలో ముల్లులా ఉండిపోయింది. పిన్ని తన చీటీ తను విని, తన మందు తను వేసుకోవాలి. ఆమె కోరికల్లా అదొక్కటే. అది తన చేతుల్లో లేదనే ఆమె అనుకుంటోంది.

*

పిన్నిగారికి అనుమతి కాగితం మొత్తం చదివి వినిపించి సంతకం తీసుకోవాలన్నారు లాయరుగారు. అందుకు ముందుగా ఇద్దరూ కలుసుకుని కాగితం చూసుకుంటే మంచిదని అతను రాశాడు. తీరా చూస్తే ఇద్దరి ఆఫీసుల మధ్యా దూరం నాలుగు బస్టాపులే.

ఆ సాయంత్రం వాన కుమ్మేస్తోంది. కాఫీ షాపు అద్దంలోంచి ఆమె చూస్తుండగా ఒకతను రోడ్డు దాటి వచ్చాడు. చేతిలో గొడుగు ఉంది. గొడుగు కింద ఫైలు ఉంది. అతను మాత్రం గొడుగు బయట ఉన్నాడు.

"మీరు తడిసిపోయారు," అంది ఆమె.

"కాగితం తడవలేదు," అన్నాడు అతను, తృప్తిగా.

ఆఫీసులో అందరూ తనని చిత్రగుప్తుడు అంటారని అతనే చెప్పాడు. ఎవరి పాపాలు వాళ్లకు చదివి వినిపిస్తాడనట. పేరు పెట్టినవాళ్లకు మనుషుల్ని చూసే కన్నుందని ఆమె అంది. అతను నవ్వినప్పుడు తడి జుట్టులోంచి ఒక చుక్క కళ్లద్దం మీద పడింది. తుడుచుకోవడానికి పొడి గుడ్డ ఏదీ లేక జేబులన్నీ వెతుక్కున్నాడు. ఆమె తన చేతిరుమాలు ఇచ్చింది. అది ఆ రోజు తిరిగి రాలేదు.

లైసెన్సులు చాలా రకాలున్నా, ఆమె ఎంచుకోవాల్సింది రెండిట్లో ఒకటి. అతని తల్లి దర్జీ. కాబట్టి దర్జీ లెక్కలోనే చెప్పాడు.

"మీరొక జాకెట్టుకు కొలత కాగితం కత్తిరించి అందరికీ ఇచ్చారనుకోండి. మొదటిది వదులు రకం. తీసుకున్నవాళ్లు మెడ దగ్గరో చంక దగ్గరో సరిచేసుకుని, ఆ కొత్త కాగితం తమ దగ్గరే దాచుకోవచ్చు. మీ పేరు చెబితే చాలు. రెండోది ఇచ్చిపుచ్చుకునే రకం. సరిచేసిన కాగితంతో కుట్టి బయట అమ్మితే, ఆ సరిచేసిన కాగితం కూడా బయట పెట్టాలి."

"మీ కంపెనీకి ఏది కావాలి?"

"మొదటిది."

"నన్ను ఏది పెట్టమంటారు?"

అతను చెంచాతో కాఫీ చాలాసేపు తిప్పాడు. అందులో చక్కెర వేయలేదని ఆమె చూసింది.

"నేను వాళ్ల దగ్గర పనిచేస్తున్నానండీ. ఆ ప్రశ్న నన్ను అడక్కూడదు. మీ పిన్నిగార్ని అడగండి."

ఆ జవాబు ఆమెకు నచ్చింది. ఇంటికి వెళ్లేదాకా బస్సులో అదే తలచుకుంది.

తర్వాతి వారం మళ్లీ కలిశారు, ఒక పేజీలో నంబరు తప్పు పడిందని. మూడోసారి, ఒక బుధవారం, కాగితాలకు కొట్టిన పిన్ను తుప్పు పట్టిందని అతను కొత్త ప్రతి పట్టుకొచ్చాడు. పాత పిన్ను చూపించమని ఆమె అడిగింది. అతను నీళ్లు నమిలాడు. ఆమె ఇక రెట్టించలేదు.

ఆ బుధవారమే, మాటల్లో మాటగా, పిన్ని పడిపోయిన సంగతి చెప్పింది. రెండు మాత్రలు, మూడు కుట్లు, ఒంటిగంట ఫోను, అన్నీ. చెబుతుండగా అతని మొహం మారిపోయింది. చేతిలోని కప్పు గాల్లోనే ఆగింది. కప్పు కింద పెట్టి, పని ఉందంటూ లేచి వెళ్లిపోయాడు. నుదురూ కుట్లూ వినలేని సున్నితమైన మనిషి కాబోలని ఆమె సరిపెట్టుకుంది.

ఇంటికి వచ్చి, మొదటి రకం లైసెన్స్ పెడదామనుకుంటున్నట్టు పిన్నితో చెప్పింది.

"మొదటిదే ఎందుకు?"

"సులువు పిన్నీ."

"ఎవరికి?"

సరిచేసుకుని దాచుకుంటే తనకు పోయేదేముందన్నది ఒక కారణం. అతని నాలుగు వందల పదహారో పచ్చ గుర్తు రెండో కారణం. రెండోదే పెద్దదని ఆమెకూ తెలుసు.

"నీ గొంతులో ఎక్కడో అచ్చుతప్పు దొర్లుతోందే పిచ్చుకా," అంది పిన్ని. "ఆదివారం ఆ అబ్బాయినే రమ్మను. చదవమను. విన్నాక చెబుతాను."

*

శుక్రవారం అతని నుంచి ఈమెయిల్ వచ్చింది. లాయరుగారు ఖాయం చేసిన కాగితం జతపరిచాడు. ఆ మెయిల్‌ను తన ఆఫీసులో నడిచిన పాత సంభాషణ మీదే పంపాడు కాబట్టి, తోక లాగా అదంతా కింద వేలాడుతూ వచ్చింది. ఈ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు ఏదో ఒక రోజు చేసే పొరపాటే అది.

ఆమె కిందికి జరిపి చదివింది. సోమవారం నాడు అతని మేనేజరు రాసిన ముక్కలవి.

"ఆ అమ్మాయి నీతో బాగానే మాట్లాడుతోందని విన్నాను. ఇంకాస్త చనువుగా ఉండు. ఎలాగైనా మొదటి రకం మీద ఇద్దరి సంతకాలూ తెప్పించు. మనం మందుల షాపుల్లో రెండేళ్లు కూర్చుని పలుకులో చేర్చుకున్న మందుల రూల్స్ సంగతి మాత్రం ఆమె దగ్గర ఎత్తకు."

దాని కింద అతని జవాబు ఒక్కటే వాక్యం. "వాళ్లింటికి వెళ్లడానికి చూస్తున్నాను."

ఆమెకు తల కొట్టేసినట్టయింది. మందుల రూల్స్ ఉన్నాయి. ఎవరో రెండేళ్లు కూర్చుని తన పలుకుకే చేర్చారు. ఆ సంగతి సోమవారమే అతనికి తెలుసు. బుధవారం తను నుదుటి కుట్ల గురించి చెబుతుంటే ఎదురుగా కూర్చుని విన్నాడు. ఇక చనువు సంగతంటారా, చేతిరుమాలూ తుప్పు పిన్నూ అన్నీ ఆ మేనేజరు మాట పక్కన పెట్టి చూస్తే వేరే రంగులో కనబడ్డాయి.

జవాబు రాయలేదు. శనివారం మూడుసార్లు ఫోన్ మోగింది. తీయలేదు. అతను రావడం లేదని పిన్నితో చెప్పింది.

*

ఆదివారం పదకొండింటికి తలుపు తట్టిన చప్పుడైంది. ఆమె మేడ మీద, మబ్బు పట్టిందని బట్టలు తీస్తోంది. తలుపు పిన్నే తీసింది.

"నమస్కారం పిన్నిగారూ."

"నీకు నేను పిన్నినెప్పుడయ్యాను?"

"ఫైల్లో రెండు వేల ఏడు వందల సార్లు చదివానండీ. నోటికి అలవాటైపోయింది."

పిన్ని పెదవి కొస కొంచెం కదిలింది. అడ్డు తప్పుకుని లోపలికి రానిచ్చింది. ఆమె చేతుల నిండా బట్టలతో దిగి వచ్చేసరికి అతను కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు.

"సంతకానికి వచ్చారా?" అంది ఆమె.

"కాదు. కాగితం తేలేదు."

నిజంగానే చేతులు ఖాళీగా ఉన్నాయి. ఫైలు లేకుండా అతన్ని చూడటం ఆమెకు అదే మొదటిసారి. ఏదో సగం మనిషిలా ఉన్నాడు.

"ఆ మెయిల్ కావాలనే మీకు చేరేలా పంపానని చెబితే మీ దగ్గర మంచి పేరొచ్చేది," అన్నాడు. "కానీ పొరపాటునే పంపాను. పంపాక చూసుకున్నాను."

"బుధవారం నేను మా పిన్ని పడిపోయిన సంగతి చెప్పాను. మీరు కూర్చుని కాఫీ తాగారు."

"తాగలేదు. వదిలేసి వెళ్లాను."

"ఎక్కడికి?"

"ఆఫీసుకి."

ఆ సాయంత్రమే మేనేజరు దగ్గరికి వెళ్లి, మందుల రూల్స్ పలుకుకు తిరిగి ఇచ్చేద్దామని అడిగానన్నాడు. కుదరదన్నారు. గురువారం ఆ లైబ్రరీ ఎదురుగా ఎర్ర గుర్తు పెట్టాడు. కంపెనీ ఏమేం మార్చుకుందో యజమానులకు చెప్పకుండా తీసుకున్న సంతకానికి తను పచ్చ గుర్తు పెట్టనని నాలుగు పేజీలు రాసిచ్చాడు. అయినా కాగితం పంపమని పైనుంచి ఒత్తిడి వస్తే శుక్రవారం పంపాల్సి వచ్చింది. శనివారం, ఆ మెయిల్ పొరపాటున బయటికి పోయిన సంగతి కూడా తనే వెళ్లి చెప్పాడు.

"నాతో ఒక్క ముక్క అంటే సరిపోయేదిగా," అంది ఆమె. బట్టల మోపు ఇంకా చేతుల్లోనే ఉంది.

"లోపలి సంగతులు బయట చెప్పనని చేరిన రోజే సంతకం పెట్టానండీ. నా సంతకాన్ని నేనే కాదంటే, ఇక ఇంకొకళ్ల సంతకం అడగడానికి నాకు మొహం ఏది?"

బయట వాన మొదలైంది.

"ఉద్యోగం ఉంటుందా?" అని అడిగింది పిన్ని.

"రేపు తెలుస్తుందండీ."

"సరే. ఆ రెండు లైసెన్సులూ మా కంప్యూటర్లోనే ఉన్నాయిగా. చదువు."

"నేను కంపెనీ మనిషిని. నేను చెప్పకూడదు."

"చెప్పమనలేదు. చదవమన్నాను. తేల్చుకునేది నేను."

అతను చదివాడు. మొదటిది చిన్నది. రెండోది నలభై నిమిషాలు పట్టింది. కామా దగ్గర ఆగకుండా పోతున్నాడని పిన్ని రెండుసార్లు వెనక్కి పంపింది. ఒక చోట వాక్యం మళ్లీ మళ్లీ మూడుసార్లు చదివించుకుంది. ఆమె బట్టలు మడత పెడుతూ విన్నది. తనను ఒప్పించే అవకాశం ఉన్న చోట కూడా అతని గొంతు ఎక్కడా ఎక్కలేదు, దిగలేదు. కంపెనీకి లాభమైన మాటనూ నష్టమైన మాటనూ ఒకే తీరులో చదువుకుంటూ పోయాడు. ఒక పిల్లో కవరు ఆమె నాలుగుసార్లు మడిచింది.

"రెండోది," అంది పిన్ని, చదవడం పూర్తి కాగానే. "ఇరవై రెండేళ్లు నేను ఇంకొకళ్ల తప్పులు దిద్దాను. పిసినారుల్ని చూశాను, కోపిష్టుల్ని చూశాను. దిద్దిన ప్రూఫు బీరువాలో పెట్టుకుని, తప్పుల పుస్తకాన్ని జనం మీదికి వదిలినవాణ్ణి మాత్రం ఒక్కణ్ణి చూళ్లేదు. మీవాళ్లకు పలుకు కావాలంటే, దిద్దింది తిరిగి ఇవ్వమను. వద్దంటే మానుకోమను. ఏమే పిచ్చుకా, నీ మాటేమిటి?"

అరగంట కిందటి దాకా ఆమె మాట వేరుగా ఉండేది. "నీ మాటే పిన్నీ," అంది.

అప్పుడే కూర్చుని ఇచ్చిపుచ్చుకునే లైసెన్స్ చేర్చింది. యజమానుల చోట ఇద్దరి పేర్లూ రాసింది. రాసినవన్నీ సరిగా ఉన్నాయో లేదో పిన్ని ఒకటికి రెండుసార్లు చదివించుకుని, ఇక పెట్టెయ్యమంది.

అతను లేచాడు. ఇది విని మేనేజరు ఏమంటాడో ముగ్గురికీ తెలుసు. గుమ్మం దాకా వచ్చి, ఏదైనా అంటుందేమోనని ఒక్క క్షణం ఆగాడు. ఆమెకు నమ్మాలని ఉంది. కానీ అతనికి తన దగ్గర ఇంకా పని ఉంది. పని ఉన్న మనిషి మంచితనాన్ని ఎంతవరకు నమ్మాలో ఆమెకు తేలలేదు. అతను వానలోనే వెళ్లిపోయాడు.

*

పదకొండు రోజులు ఏ కబురూ లేదు.

కంపెనీ ముందున్నవి రెండే దారులు. పలుకును పెట్టెలోంచి పీకేసి సొంతంగా రాసుకోవాలి. అందుకు నాలుగైదు నెలలు. పెట్టెలు వచ్చే నెలలోనే కావాలని ఆసుపత్రులు పట్టుబడుతున్నాయి. లేదా దిద్దిన రూల్స్ బయట పెట్టాలి. ఏ దారి పట్టారో తెలియదు. ఆమె రోజూ ఒంటిగంటకు ఇంటికి ఫోన్ చేస్తూనే ఉంది. సాయంత్రం ఆ కాఫీ షాపు ముందు నుంచి బస్సు వెళ్లేటప్పుడు అటు తిరగకూడదనుకునేది. మెడ మాట వినేది కాదు.

ఉద్యోగం పోయిందేమో అని ఒక రోజు, తనను మర్చిపోయాడేమో అని ఒక రోజు, ఇంకెవరి లైబ్రరీ దగ్గరో పేజీ నంబరు సరిచేస్తున్నాడేమో అని ఒక రోజు అనుకుంది. మూడోది అనుకున్న రోజు అన్నం సహించలేదు.

పన్నెండో రోజు పలుకుకు మందుల రూల్స్ వచ్చాయి. మూడు వందల పన్నెండు. కంపెనీ పేరు మీద పంపారు. పంపిన మనిషి చోట అతని పేరుంది. అంటే ఉద్యోగం ఉంది. అంతకు మించి ఒక్క పలకరింపు మాట లేదు.

బయటి నుంచి వచ్చినవాటిని చూసి, సరిగా ఉంటేనే చేర్చుకోవడం యజమాని పని. ఆమె రెండు సాయంత్రాలు కూర్చుని ఒక్కో రూలూ పిన్నికి వినిపించింది. అర మాత్ర, పావు చెంచా, భోజనానికి ముందు, రోజు మార్చి రోజు, అన్నీ మనిషి నోట పలికినట్టు పలికాయి. పిన్ని ఏడింటికి వంక పెట్టింది. కళ్లలో వేసే చుక్కల మందు దగ్గర 'రెండు చుక్కలు' అని ఊరుకుంటే ఎలా, ఏ కంటికో ముందు చెప్పాలి కదా అంది. ఆ ఏడూ ఆమె తిప్పి పంపింది. గంటలో సరిచేసి పంపాడు. 'సరిచేశాను' అన్నది తప్ప వేరే మాట లేదు.

అన్నీ చేర్చి, ఇంట్లో కంప్యూటరులోనూ పిన్ని ఫోన్లోనూ కొత్త పలుకు పెట్టింది.

సోమవారం ఆఫీసులో ఒంటిగంట అయింది. చెయ్యి ఫోను మీదికి పోయింది. వెనక్కి తీసుకుంది. ఒంటిగంటా అయిదు. లేచి కిటికీ దగ్గరికి వెళ్లి వచ్చింది. పక్క బల్లావిడ ఏమైందని అడిగింది. ఏం లేదంది. ఒంటిగంటా పదికి ఫోన్ మోగింది.

"వేసుకున్నాను," అంది పిన్ని. "గుండ్రటిది అర, పొడుగుది ఒకటి. అది చదివింది, నేను విన్నాను. నాకు నువ్వక్కర్లేదు, నీ పని చూసుకో."

పిన్ని ఫోను పెట్టేసినా ఆమె చాలాసేపు దాన్ని చెవికే ఆనించుకుని ఉంది.

*

ఆదివారం. ముసురు పట్టి మూడు రోజులైంది. తలుపు తట్టిన చప్పుడుకి ఈసారి ఆమే లేచింది.

అతను గొడుగు మడుస్తున్నాడు. ఈసారి గొడుగు కిందే వచ్చాడు, పొడిగా ఉన్నాడు. రెండో చేతిలో ఏమీ లేదు.

"నిన్న సాయంత్రం ఫైలు మూసేశాను," అన్నాడు. "పచ్చ గుర్తు పడిపోయింది. పెట్టెలు వెళ్లిపోయాయి. ఇప్పుడు మీ దగ్గర నాకు కావాల్సిన సంతకం లేదు, అనుమతి లేదు, ఏ పనీ లేదు. ఆ మాట నిజమయ్యేదాకా ఫోన్ చేయకూడదనుకున్నాను. చేస్తే, దేనికోసం చేశానో మీకెలా తెలుస్తుంది?"

ఇంత పొడుగు మాట బహుశా దారంతా చెప్పుకుంటూ వచ్చి ఉంటాడు. చివర కామా దగ్గర సరిగ్గా ఆగాడు.

"మరి ఇప్పుడు దేనికోసం వచ్చారు?"

"మిమ్మల్ని చూడాలని."

దాని తర్వాత చెప్పుకోవడానికి అతను ఏమీ తయారుచేసుకోలేదు. అందుకని ఊరికే నిలబడ్డాడు. ఆమె గుండె ఎంత చప్పుడు చేస్తోందంటే, లోపల పిన్నికి వినబడుతుందేమోనని భయమేసింది. పిన్ని చెవులు మామూలువి కావు.

"మూడు వారాలుగా ఒక్క ముక్క లేదు," అంది ఆమె. "నన్నేమనుకోమన్నారు?"

"ఏమనుకున్నారు?"

"రోజుకొకటి అనుకున్నాను."

"అన్నీ చెప్పండి. వింటాను."

"కొన్ని తిట్లు కూడా ఉన్నాయి."

"వాటినే ముందు చెప్పండి."

ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూసింది కానీ అది కళ్లలోంచి బయటపడింది. అతనూ చూశాడు.

"చాలాసేపు పడుతుంది," అంది, గుమ్మంలోంచి పక్కకు జరుగుతూ.

అతను చెప్పులు విప్పుతున్నాడు. లోపల, పిన్ని గోడ పట్టుకుని లేచి, మూలనున్న కుర్చీని తమ రెండు కుర్చీల పక్కకు లాగుతున్న చప్పుడు వినబడింది.